నీలం గుడ్డలో పగటి చుక్కలు

నది ఒడ్డున బస్సే అనే ఊరి సంతలో తక్కో బా అద్దకం కొట్టు పక్కనే నా మొద్దు. ఆమె నీలం అద్ది గంజి పెట్టిన గుడ్డను నేను మొద్దు మీద పరిచి, కొయ్య సుత్తితో మెరుపు వచ్చేదాకా కొడతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని.

చలికాలం పొద్దున నది మీది మంచు సంతలోకి నడిచి వస్తుంది. అప్పుడు దండేల మీది ఆమె గుడ్డలు గుడ్డల్లా ఉండవు. నదిలో ఒక పాయ నేల వదిలి మా తలల మీదుగా పారుతున్నట్టుంటుంది. దాని కింద నడిచేవాళ్ళ ముఖాలు కాసేపు నీలంగా మారి, మళ్ళీ ఎవరి రంగులోకి వాళ్ళు వస్తారు.

తక్కో తెల్లగుడ్డను ముడతలు పెట్టి బిగించి కుడుతుంది. కుట్టిన చోట నీలం ఎక్కదు. ఆరాక బ్లేడుతో దారాలు తెంపి విప్పితే లోపలి నుంచి తెల్లని చేపలు, గింజలు, చినుకులు బయటికొస్తాయి. ఏడో ఏట తల్లి దగ్గర నేర్చింది. కొలత బొటనవేలే. సెనెగల్ నుంచి వచ్చే బేరగాళ్ళు ఆమె గుడ్డను మడత విప్పకుండానే కొంటారు. ఆ నమ్మకం మీదే ఆమె పొయ్యి వెలిగేది.

నేను జాలోను, ఆమె బా. మా ఫులా తెగవాళ్ళలో ఈ రెండు ఇంటిపేర్లదీ తాతల నాటి వేళాకోళం వరస. ఎంత మాటైనా అనొచ్చు, ఎవరికీ కోపం రాకూడదు.

"ఒరేయ్ జాలో, బొబ్బర్లు మెక్కి నిద్రపోయావా? సుత్తి చప్పుడే లేదు!"

"నీ గుడ్డ చూస్తే సుత్తికే కునుకొస్తోందే, ముసలి బా!"

ఒక ఏడాది నీమా కనుతే అనే ఆవిడ కూతురి పెళ్ళికి ఇరవై గుడ్డలు చెప్పింది. శుక్రవారం తీసుకెళ్ళాలి. బుధవారం ఒక గుడ్డ కొట్టి ఎండకెత్తితే నా ఒళ్ళో చుక్కలు పడ్డాయి. సన్నని వెలుగు చుక్కలు, పదకొండు. పట్టపగలు నీలాకాశం నా మోకాళ్ళ మీద దిగినట్టుంది. ఒక్క క్షణం ఆ అందమే చూస్తూ కూర్చున్నాను. తరవాత తెలిసింది, అవి చిల్లులని. దారాలు తెంపేటప్పుడు బ్లేడు గుడ్డను కొరికింది. గంజి మెరుపు కింద అవి ఎవరికీ కనబడవు. మొదటి ఉతుకుకే నోళ్ళు తెరుస్తాయి, పెళ్ళివాళ్ళ ఒంటి మీద.

"తక్కో, నీకు చూపు తగ్గింది. బ్లేడు గుడ్డను తింటోంది," అన్నాను.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "నీకు పెళ్ళాం దొరికిన రోజే నాకు చూపు తగ్గిందని ఒప్పుకుంటా!"

"ఒట్టే!"

"జాలో ఒట్టేశాడు, వినండర్రా!" సంతంతా నవ్వింది. జాలో నోట వచ్చిన నిజం బా చెవికి వేళాకోళంగానే చేరుతుంది. ఇన్నేళ్ళు నేనే అలా అలవాటు చేశాను.

మర్నాడు మంచులోనే వెళ్ళాను. చెప్పులు విడిచి, తల వంచి, పరాయివాడు పెద్దావిడను పలకరించినట్టు అన్నాను: "అమ్మా, రాత్రి చల్లగా గడిచిందా? ఇంట్లో అందరూ క్షేమమేనా?"

ఆమె చేతిలో సూది ఆగింది. "ఎవరు పోయారురా?"

ఆ చిల్లుల గుడ్డ ఆమె ఒళ్ళో పెట్టాను. ముఖానికి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టింది. కనబడలేదు. అప్పుడు కళ్ళు మూసుకుని చూపుడువేలితో కుట్ల గుర్తుల వెంట నెమ్మదిగా నడిచింది. ఒకచోట వేలు ఆగింది. ఇంకోచోట. పదకొండు చోట్లా ఆగింది.

"మిగతావి తే," అంది.

సాయంత్రానికి ఇరవై గుడ్డలూ ఆమె వేలి కింద నడిచాయి. వాటిలో ఏడింటికి చిల్లులున్నాయి.

శుక్రవారం నీమా వచ్చి అన్నిటికన్నా పైనున్న గుడ్డ చూసి మురిసిపోయింది. తక్కో ఆ ఏడింటినీ పక్కకు తీసి, ఒకదాన్ని ఎండకెత్తి చూపించింది. "ఇవి అమ్మను. నా కళ్ళు చేసిన పని ఇది. పదమూడే ఉన్నాయి."

"పెళ్ళి ముంగిట్లో ఇప్పుడా చెప్పేది, పిన్నీ?" నీమా గొంతు పెరిగింది. తరవాత ఆ చుక్కల వంక చాలాసేపు చూసింది. "చూపించకపోతే నేనెక్కడ కనిపెట్టేదాన్ని?" అంటూ పదమూడూ మూటగట్టింది. మడత మాత్రం ఒక్కటీ విప్పలేదు.

ఆమె వెళ్ళాక తక్కో బ్లేడును గుడ్డముక్కలో చుట్టి నా మొద్దు మీద పెట్టింది.

"కుట్టేది నేను. విప్పేది నువ్వు," అంది. "మెల్లగా తెంపు. ఒక్కోదాన్నీ నా వేలు తడిమి చూస్తుంది."