జర్మనీ నుంచి వచ్చిన లాగిన్

2021 జనవరిలో నేను గాల్వేలో, నర్సింగ్ హోమ్‌లు నడిపే ఒక సంస్థకు ఐటీ సర్వీస్ డెస్క్ మేనేజర్‌ని. ఐర్లండ్‌లో నర్సింగ్ హోమ్ అంటే మనవైపులా చిన్న ఆసుపత్రి కాదు, వయసు మళ్ళినవాళ్ళు ఉండే చోటు. నా కింద ఐదుగురు టెక్నీషియన్లు. కోవిడ్ వల్ల ఆఫీసు మూసేసి, అందరం ఇళ్ళ నుంచే పనిచేస్తున్నాం. మా వంటగదిలో గిన్నెల అలమర పక్కన వేసుకున్న మడత బల్లే నా ఆఫీసు.

మా పనికి ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు టికెట్ పెట్టాలి, అంటే ఫిర్యాదు నమోదు చేయాలి. ఫస్ట్ లైన్ టెక్నీషియన్ చూస్తాడు. అక్కడ తేలకపోతే సెకండ్ లైన్‌కు, అదీ కాకపోతే నా దగ్గరకు వస్తుంది. టికెట్ లేకుండా నేరుగా నాకు ఫోన్ చేస్తే ఒంటికాలి మీద లేచేవాణ్ణి. మనవాళ్ళు చేస్తే మరీను. మా హోమ్‌లలో తెలుగు నర్సులు, పెద్దవాళ్ళ బాగోగులు చూసే కేరర్లు చాలామంది ఉండేవారు. నా నంబరు ఎవరి పుణ్యమా అని వాట్సాప్ గ్రూపుకు ఎక్కిందో గానీ, "అంకుల్, ఒక్క నిమిషం" అంటూ రోజూ ఫోన్లే. మావాళ్ళకు నేను ముందు పనిచేసి పెడతానన్న మాట ఎక్కడ పడుతుందోనని నాకు భయం. ఆ భయంతో, నిజం చెప్పాలంటే, మనవాళ్ళ టికెట్లనే ఒక మెట్టు కింద పెట్టేవాణ్ణి. దాన్ని నిజాయితీ అనుకునేవాణ్ణి.

ఆ నెలలో ఒక మంగళవారం సలోమి ఫోన్ చేసింది. ఒంగోలులో ఆరేళ్ళు నర్సుగా చేసి, విద్యార్థి వీసా మీద వచ్చి, కిల్కెన్నీలోని మా హోమ్‌లో కేరర్‌గా పనిచేస్తున్న అమ్మాయి. కోవిడ్ సోకి ఐసోలేషన్‌లో ఉంది.

"అంకుల్, మెయిల్ ఓపెన్ అవటంలేదండి. పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడతన్నా, తప్పంటంది. నా అడాప్టేషన్ లెటరొచ్చే వారమండి ఇది. శుక్రవారంలోపు కన్ఫర్మ్ చెయ్యాలంట."

బయటి దేశంలో చదివిన నర్సు ఇక్కడ నమోదు కావాలంటే ఆసుపత్రిలో కొన్ని వారాలు ఒకరి పర్యవేక్షణలో పనిచేసి చూపించాలి. దాన్నే అడాప్టేషన్ అంటారు. మా సంస్థ తరఫున వెళ్ళేవాళ్ళకు ఉండేవి కొద్ది సీట్లే. ఆ సీటు వస్తే సలోమి నర్సు అవుతుంది. నర్సు అయితేనే ఒంగోలులో ఉన్న భర్తనూ నాలుగేళ్ళ కూతురినీ పిలిపించుకోగలదు. ఇదంతా నాకు ఆ రోజే తెలుసు.

"ఆఫీసు పనికి అంకుల్ అనకమ్మా. టికెట్ పెట్టు, అందరిదెట్ల చూస్తమో నీదీ అట్లనే చూస్తం" అన్నాను.

"టికెట్ పెట్టాలన్నా మెయిల్‌లోకే పోవాలి కదండీ?" అంది.

న్యాయమైన ప్రశ్నే. డెస్క్ నంబరు ఇచ్చి ఫోన్ పెట్టేశాను. తన మాటలు అరక్షణం ఆలస్యంగా వినపడుతున్నాయని మాత్రం గమనించాను.

బుధవారం టికెట్ షివాన్ చేతికి వచ్చింది. షివాన్ మేయో కౌంటీ ఆవిడ, మా సీనియర్ టెక్నీషియన్. రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చి ఫోన్‌లో చెప్పింది. రెండుసార్లూ సలోమికి అదే జవాబు: యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు. గురువారం పొద్దున షివాన్ లాగ్ తెరిచింది. లాగ్ అంటే ఎవరు, ఎప్పుడు, ఏ చోటి నుంచి లోపలికి రావడానికి ప్రయత్నించారో సర్వర్ రాసిపెట్టుకునే చిట్టా. అందులో చోటు దగ్గర ఫ్రాంక్‌ఫర్ట్, జర్మనీ అని ఉంది.

దేశం బయటి నుంచి వచ్చే లాగిన్‌లను ఆపేసే నిబంధనను అంతకుముందు వేసవిలో పెట్టింది నేనే. అందరూ ఇళ్ళ నుంచి పనిచేయడం మొదలయ్యాక దొంగ లాగిన్లు పెరిగాయి. దొంగకు ఆచూకీ దొరకకూడదని, అసలు కారణం చెప్పకుండా పాస్‌వర్డ్ తప్పు అనే చెప్పేలా చేశాను. ఆ తెలివికి అప్పట్లో నన్ను నేనే మెచ్చుకున్నాను.

షివాన్‌కు ఫ్రాంక్‌ఫర్ట్ అంటే ఒక ఊరు. నాకు అది హైదరాబాద్‌కు వెళ్ళే దారి. ఆ రోజుల్లో విమానాలు దొరకక మనవాళ్ళు ఎందరో అటు తిరిగే ఇంటికి వెళ్ళేవారు. లాగ్‌లో సర్వర్ అడగడానికీ అవతలి నుంచి బదులు రావడానికీ మధ్య ఆలస్యం కనిపించింది. ఎయిర్‌పోర్టు వైఫై అనుకున్నాను. ఫోన్‌లో మాట ఆలస్యంగా రావడం గుర్తొచ్చి, విదేశం నుంచి చేసిన కాల్ అనుకున్నాను. రికార్డులో ఉన్న చిరునామా కిల్కెన్నీ ఊళ్ళోది, అక్కడ మంచి ఫైబర్ లైన్ ఉంది. ఐసోలేషన్ పేరు చెప్పి పిల్లను చూడటానికి ఇండియా బయలుదేరిందని తేల్చేశాను. నలుగురూ చేస్తున్న పనే, నాకు తెలియనిదా అనుకున్నాను.

ముందు ఆమెకు ఒకసారి ఫోన్ చేసి అడగనా అంది షివాన్. వద్దన్నాను. అనుమానం ఉన్నప్పుడు యూజర్‌ను హెచ్చరించకూడదన్నది మా సెక్యూరిటీ పద్ధతి, అదే కారణంగా చెప్పాను. అసలు కారణం వేరు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి నిజం ఒప్పుకుని, అంకుల్ మీరే ఎట్లాగైనా చూడండి అని ఏడుస్తుంది, నేను ఇరుకున పడతాను. అందుకని అకౌంట్ మూసేసి, టికెట్‌లో ఒక్క వాక్యం రాశాను: "యూజర్ దేశం బయట ఉన్నట్టు కనిపిస్తోంది, హెచ్‌ఆర్‌కు పంపడమైనది." ఆ వాక్యం నాదే. ఎవరూ నాతో రాయించలేదు.

హెచ్‌ఆర్ వాళ్ళు వివరణ అడుగుతూ ఆమెకు మెయిల్ పంపారు, నేను మూసేసిన ఆ అకౌంట్‌కే. సీటు లెటరు బుధవారం నుంచీ అందులోనే ఉంది. సలోమి డెస్క్‌కు ఫోన్ చేస్తే, పరిశీలనలో ఉందని మాత్రమే చెప్పారు. శుక్రవారం సాయంత్రం దాకా హెచ్‌ఆర్‌కు జవాబు రాలేదు. సోమవారం సీటు జాబితాలో తర్వాతి మనిషికి వెళ్ళింది.

బుధవారం కిల్కెన్నీ హోమ్ మేనేజర్ నాకు ఫోన్ చేసింది. మీ జర్మనీ అమ్మాయి ఐసోలేషన్ ముగించుకుని వచ్చి నా ముందే నిలబడి ఉంది అంది. ఆ గొంతులో వెటకారం నాకు బాగానే తగిలింది.

అప్పుడు షివాన్ సలోమితో మాట్లాడి అడగాల్సిన ప్రశ్న అడిగింది: అక్కడ నెట్ ఎలా వస్తోంది అని. ఊళ్ళో ఇంట్లో నలుగురు కేరర్లు కలిసి ఉంటారు కాబట్టి, వాళ్ళకు అంటకుండా సలోమి ఊరికి దూరంగా కొండల్లో, తమ ఇంటి ఓనరుకే చెందిన ఒక ఖాళీ ఇంట్లో ఉండిపోయింది. అక్కడ మొబైల్ సిగ్నల్ లేదు, ఫోన్ కాల్స్ కూడా వైఫై మీదే. ఆ వైఫై గోడకు బిగించిన శాటిలైట్ డిష్ నుంచి వస్తుంది. సిగ్నల్ ముప్పై ఆరు వేల కిలోమీటర్లు పైకి వెళ్ళి, కిందికి దిగి, జర్మనీలో ఉన్న గ్రౌండ్ స్టేషన్ దగ్గర ఇంటర్నెట్‌లో కలుస్తుంది. అందుకే ఆ ఆలస్యం. మా సర్వర్‌కు కనపడింది ఆ గ్రౌండ్ స్టేషనే. ఆ ఒక్క అకౌంట్‌ను మళ్ళీ తెరిచి మినహాయింపు ఇవ్వడానికి పది నిమిషాలు పట్టింది.

హెచ్‌ఆర్‌కు నేనే ఫోన్ చేసి పొరపాటు జరిగిందన్నాను. వాళ్ళు విచారం తెలిపారు. సీటు మాత్రం వెనక్కి రాదన్నారు, తర్వాతి బ్యాచ్ ఏడాదికి గానీ లేదు.

సలోమికి కూడా నేనే చెప్పాను. శాటిలైట్ వల్ల ఇలా అయిందని, డిష్ సంగతీ గ్రౌండ్ స్టేషన్ సంగతీ వివరంగా చెప్పాను. ఆ వాక్యం సంగతి చెప్పలేదు.

"పాపకి మాటిచ్చానండి, ఈ ఏడు తెస్తానని," అంది. తర్వాత తనే, "శాటిలైట్ తప్పుకి మీరేం చేస్తారు అంకుల్. పట్టించుకుని ఫోన్ చేశారు, థ్యాంక్సండి" అంది.

ఆ థ్యాంక్స్ తీసుకున్నాను. అప్పుడైనా నోరు తెరిస్తే బాగుండేది. తెరవలేదు.

మరుసటి ఏడాది ఆమెకు సీటు వచ్చింది, నర్సయింది. కూతురు వచ్చేసరికి ఆరేళ్ళు నిండాయి. మొదటి నెలంతా తల్లి పక్కన పడుకోనని మొండికేసిందట. ఈ మాట సలోమి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత డెస్క్‌లో ఒక నియమం పెట్టాను: ఏ అకౌంట్ మూసే ముందైనా ఆ మనిషికి ఫోన్ చేసి, ఎక్కడున్నారు, నెట్ ఎలా వస్తోంది అని అడగాలి. నేను రిటైరయ్యేదాకా అది నడిచింది. లాగ్ యంత్రం జాడ చెబుతుంది గానీ మనిషి జాడ చెప్పదని ఆ ఉదంతం నాకు నేర్పింది. మనవాళ్ళ సంగతి నాకు తెలుసన్న ధీమా ఏమీ తెలియకపోవడం కన్నా చెడ్డదని కూడా నేర్పింది. ఆ టికెట్ ముగించేటప్పుడు మూలకారణం అన్న గడి నింపాలి. శాటిలైట్ కనెక్షన్ అని రాసి సంతకం చేశాను. అక్కడ రాయాల్సింది నా పేరు.