కల్వర్టు దగ్గర ఆగే బండి

ఆ ఏడాది పత్తి తీతల కాలమంతా నా జ్ఞాపకంలో తెల్లగానే ఉంది. తొంభైల చివరి సంవత్సరాలవి. చిలకలూరిపేటలో మేము అద్దెకున్న ఇల్లు ఒక జిన్నింగు మిల్లు వెనక ఉండేది. మిల్లు నడిచినంతసేపూ దూది పోగులు గాలిలో తేలుతూ వచ్చి దండెం మీది బట్టల మీదా, అన్నం గిన్నె మూత మీదా, పెరట్లో నిలబెట్టిన నా మోటారు సైకిలు మీదా వాలేవి. ఆ బండి వయసులో నాకంటే రెండు మూడేళ్ళే చిన్నది. రిటైరైన ఒక హెడ్మాస్టరు దగ్గర కొన్నాను.

నా భార్య తొమ్మిది కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో, మిషన్ బడిలో టీచరుగా కొత్తగా చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. రోజూ పొద్దున్నే నేను దించి వచ్చేవాణ్ణి. మంచులో రోడ్డు పది గజాల కంటే ఎక్కువ కనిపించేది కాదు. పత్తి చేలు, మంచు, ఆకాశం అన్నీ ఒకటే. ఏడో కిలోమీటరు దగ్గర చిన్న కల్వర్టు వచ్చేది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. చప్పుడు లేకుండా బండి ఇంకొంత దూరం జారుతూ పోయేది. ఆ కొద్ది క్షణాలు మేమిద్దరం నీళ్ళ మీద తేలుతున్నట్టుండేది. చెప్పడానికి సిగ్గేగానీ, ఆ నిశ్శబ్దం నాకు ఇష్టంగా ఉండేది. దిగాక కిక్కు కొట్టీ కొట్టీ కాలు పీకేది.

మెకానిక్కు కార్బొరేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గు మార్చాడు. పెట్రోలు పైపు ఊది చూశాడు. షెడ్డు దగ్గర బండి బుద్ధిగా నడిచేది. మర్నాడు కల్వర్టు దగ్గర మళ్ళీ ఆగేది.

అక్కడి చేలో పత్తి తీసే కూలీల్లో ఒక పెద్దావిడ ఉండేది. మూడో రోజో నాలుగో రోజో గట్టు మీదికొచ్చింది.

"ఏందయ్యా, మళ్ళా ఆగిందా? ఈడ లారీ డ్రైవరు పోయాడు. ఊరికే పోనీడు. ఒక నిమ్మకాయ పెట్టి దణ్ణం పెట్టుకోండి."

నాకు వేదిక దొరికినట్టయింది. మంచులో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. "పోయినవాడికి పెట్రోలుతో ఏం పని పెద్దమ్మా? ఈ దారిన రోజూ ఇన్ని బండ్లు పోతుంటే నా ఒక్కడి బండే ఎందుకు పట్టుకుంటాడు? నిమ్మకాయతో ఇంజను నడిస్తే ఊళ్ళో మెకానిక్కులంతా నిమ్మతోటలు వేసుకునేవాళ్ళు."

కూలీలు నవ్వారు. నా భార్య వాచీ చూసుకుంది. "మీ వాదన బావుందండీ. బండే నడవట్లేదు" అంది.

మర్నాడు బండి ఆగగానే ఆమె సంచిలోంచి నిమ్మకాయ తీసి కల్వర్టు మీద పెట్టింది. నేను మొహం తిప్పుకున్నాను. కాసేపు కూర్చున్నాం. కిక్కు కొట్టాను. స్టార్టయింది. ఆ పై రోజూ అంతే. పెద్దావిడ చేలోంచే చేతులూపింది. ఎన్నో హేతువాద సభల్లో ఎంతోమందితో వాదించి గెలిచినవాణ్ణి, ఒక నిమ్మకాయ చేతిలో ఓడిపోయాను.

ఆ శనివారం మేము చేరేసరికి ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళ్ళిపోయారు. పెద్ద టీచరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నేను వింటుండగానే నా భార్యతో నెమ్మదిగా అంది. "ఇంకొక్కసారి ఆలస్యమైతే, క్రిస్మస్ సెలవుల తర్వాత ఇంకొకరిని చూసుకుంటానమ్మా." నా భార్య నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.

తిరిగి వస్తుంటే ఒక మిరప చేను పక్కన బండి ఆగింది. అప్పుడు తట్టింది. తిరుగు దారిలోనూ ఎక్కడో ఒకచోట అది ఆగుతూనే ఉండేది. ఒంటరిగా, తొందర లేకుండా ఉండేవాణ్ణి కనుక పట్టించుకోలేదు. ఆ చోట్లకి ఎవరూ కథ కట్టలేదు, నేనూ గుర్తుపెట్టుకోలేదు. కల్వర్టునే లెక్కపెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మంచు విడుతోంది. పండుతున్న కాయలు ఒక్కొక్కటే ఎర్రగా బయటపడుతున్నాయి. పెట్రోలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పాను. మూత బిగదీసుకుని ఉంది. బలంగా లాగితే, చాలాసేపు ఊపిరి బిగబట్టిన మనిషిలా, ట్యాంకు గాలిని లోపలికి పీల్చుకుంది. వెంటనే మొదటి కిక్కుకే ఇంజను పలికింది.

పెట్రోలు కిందికి దిగుతుంటే ఖాళీ అయిన చోటికి గాలి రావాలి. అందుకే ఆ మూతకి గుండుసూది మొనంత రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రానికి అడ్డంగా, గుండ్రంగా కత్తిరించిన పత్తి విత్తనాల ప్యాకెట్టు ముక్క ఉంది. దూది లోపల పడుతుందని మూత కింద దాన్ని బిగించింది నేనే. పెట్రోలు పోయించినప్పుడల్లా జాగ్రత్తగా మళ్ళీ సర్దిందీ నేనే. కొన్ని కిలోమీటర్లకి ట్యాంకులో గాలి చాలక పెట్రోలు దిగడం మానేసేది; రోజూ ఇంటి దగ్గరే బయల్దేరేవాళ్ళం కనుక పొద్దున అది కల్వర్టు దగ్గరే అయ్యేది. కాసేపు ఆగితే ఏ సందుల్లోంచో గాలి చేరేది. నిమ్మకాయ పనిచేసిందంటే అది ఆ కాసేపే.

ప్యాకెట్టు ముక్క పారేసి మాట్లాడకుండా ఊరుకోవచ్చు. దయ్యం తనే పోయిందని అందరూ అనుకునేవాళ్ళు. సాయంత్రం దాకా తేల్చుకోలేకపోయాను. చివరికి ఆ ముక్క తెచ్చి నా భార్య ముందు పెట్టాను.

"ఎవరు పెట్టారిది?"

"నేనే."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు చెప్పారు సరే. అంతమంది ముందు ఉపన్యాసం చెప్పారుగా, అక్కడా చెప్పండి" అంది.

సోమవారం కల్వర్టు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు వెళ్ళిందో తెలియలేదు. ఆమెను దించి, వెనక్కి వస్తూ అక్కడ నా చేత్తో ఇంజను ఆపాను. చేలోకి దిగి, బడిలో పడిన మాటతో సహా సంగతంతా చెప్పాను. కూలీలు పత్తి తీయడం ఆపి విన్నారు.

"మరి నిమ్మకాయ పెట్టినప్పుడల్లా కదిలిందిగా?" అంది పెద్దావిడ.

"పెట్టి ఎంతసేపు కూర్చునేవాళ్ళం?"

ఆవిడ ఆలోచించింది. "నేను ఒక సాలు సగం తీసిందాకా."

"ఆ సగం సాలు చాలు, గాలి చేరడానికి."

ఒప్పుకుందో లేదో మొహం చూస్తే తెలియలేదు. ఒడిలో పత్తి సర్దుకుంటూ అడిగింది.

"పంతులమ్మ వేళకి పోయిందా ఇయ్యాల?"

"గంట కొట్టకముందే పోయింది."

"ఇంక ఆమెను బడి మానిపించరుగా?"

"మానిపించరు."

"అది చెప్పవయ్యా ముందు" అని మళ్ళీ సాలులోకి వంగింది.