దుప్పటికి రెండో కొస

జూదమంటే మడతలక్కకు ఒళ్ళుమంట. వాళ్ళ నాన్న పేకాటకు ఇంటి తలుపులు కూడా ఊడబెరికి అమ్ముకున్న మనిషి మరి. అలాంటి ఆడది పదకొండేళ్ళుగా వారం తప్పకుండా లాటరీకి డబ్బులిస్తోందంటే కట్టుకున్న మొగుడే నమ్మడు. నమ్మడని తెలిసే ఆమె చెప్పలేదు లెండి.

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది నలుగురు. మిషను బాబాయి ఉతుకుతాడు, ఇస్త్రీ బావ ఇస్త్రీ చేస్తాడు, కుట్లత్త చిరిగినవి కుడుతుంది, అక్క మడతలు పెడుతుంది. మిగతా ముగ్గురూ శుక్రవారం తలా ఇంత వేసుకుని ఒక టికెట్టు కొనేవాళ్ళు. అక్క చేరిన కొత్తలో ఆమెనూ అడిగారు.

"నాకొద్దు బాబోయ్, మీ పాపంలో నాకు వాటా వద్దు" అని చేతులు దులిపేసుకుంది.

ఆ మధ్యాహ్నం అత్తతో కలిసి దుప్పటి మడతపెడుతుంటే బుర్రలో పురుగు తొలిచింది. ఆసుపత్రి దుప్పటి ఒంటి మనిషి వల్ల అయ్యేది కాదు. ఇటు కొస ఒకరు, అటు కొస ఒకరు పట్టుకోవాలి. వీళ్ళకు లాటరీ తగిలిందే అనుకో, ముగ్గురూ దర్జాగా వెళ్ళిపోతారు. తానేమో ఒక కొస పట్టుకుని గోడ మొహం చూస్తూ నిలబడాలి. అమ్మో! సాయంత్రానికల్లా డబ్బులిచ్చేసింది.

గెలుస్తామన్న ఆశ ఆమెకు ఆవగింజంత లేదు. తనను వదిలేసి వాళ్ళు గెలుస్తారేమోనన్న భయం మాత్రం గుమ్మడికాయంత ఉండేది. టికెట్టు పోయిందని తెలిసిన ప్రతి వారం పైకి "అయ్యో" అంటూ లోపల హాయిగా ఊపిరి పీల్చుకునేది.

ఈ నెల టికెట్టు ధర రెట్టింపైంది. అక్క వాటా కాస్తా కొడుకు బస్సు ఛార్జీలకు ఎసరు పెట్టింది. గురువారం ధైర్యం కూడగట్టుకుని, "బాబాయ్, నేనింక మానేస్తా" అంది. ఆ మాట అనగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరు గెలిచి వెళ్ళిపోతే నన్ను మర్చిపోకండి."

"ఓసి పిచ్చిదానా!" అంది కుట్లత్త. "నాకు మాత్రం ఆ డబ్బెందుకే? మీరంతా పోతే ఈ కుట్టుమిషను ముందు ఒక్కదాన్నే కూర్చోలేక కడుతున్నా."

ఇస్త్రీ బావ నాలుక్కరుచుకున్నాడు. "నాదీ అదే. మీరు లేకపోతే నాకు టీ ఎవరు పోస్తారు?"

"నాకు తిట్టడానికి మనుషులుండరని" అన్నాడు బాబాయి తలగోక్కుంటూ. అంతలోనే కళ్ళెర్రజేశాడు. "అంటే పదకొండేళ్ళుగా ఒక్కరికీ అక్కర్లేని టికెట్టు కొంటున్నామన్నమాట! సిగ్గు లేదూ మనకి?"

నలుగురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇక కొనేది లేదని దుప్పట్ల మూట మీద చేతులేసి ఒట్టేసుకున్నారు.

శుక్రవారం పని అయ్యాక అక్క బుద్ధిగా ఇంటిదారి పట్టింది. సందు మలుపు వరకే ఆ బుద్ధి. అత్త మాట మీద నిలబడే మనిషే, కానీ బావను నమ్మగలమా? వాడొక్కడే కొనుక్కుంటే? కాళ్ళు వాటంతటవే లాటరీ టికెట్ల కిటికీ వైపు తిరిగాయి.

బావ అప్పటికే అక్కడున్నాడు.

"సబ్బు కొందామనీ..." అని నసిగాడు. ఆ కిటికీలో టికెట్లు తప్ప ఇంకేమీ అమ్మరు.

వాడి వెనక తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఉన్నాడు. ఎంత చుట్టుకుంటే మాత్రం బాబాయి దగ్గు దాగుతుందా? అవతలి సందులోంచి అత్త గబగబా వస్తూ వీళ్ళను చూసి ఠక్కున ఆగిపోయింది.

"నాలుగు ఇమ్మంటారా?" అన్నాడు కిటికీలో మనిషి.

"నాలుగెందుకయ్యా, డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయా?" అని బాబాయి కసిరాడు. "ఎప్పట్లాగే ఒకటివ్వు."

సోమవారం పొద్దున బాబాయి ఫలితాలు చూసి, టికెట్టు చూసి, కళ్ళజోడు తీశాడు.

"పోయింది."

"హమ్మయ్య!" అన్నారు నలుగురూ ఒక్కసారే, పదకొండేళ్ళలో మొదటిసారి పైకి.

అక్క మొదటి దుప్పటి తీసి దులిపింది. రెండో కొస అప్పటికే అత్త చేతిలో ఉంది.