మా అత్త చప్పట్లు, నా డ్రమ్ములు

మొన్న ఏలూరు నుంచి పెదపాడు వెళ్తుంటే బస్సు చెరువుల మధ్య ఆగిపోయింది. ఎదురుగా చేపల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా దిగబడి ఉంది. మా డ్రైవరు బస్సు ఆపేసి చోద్యం చూడటానికి కిందికి దిగాడు. బస్సు రొద ఆగగానే గట్టు అవతల నుంచి పాత ఆయిలింజను చప్పుడు వినిపించింది. ఇప్పుడన్నీ కరెంటు మోటార్లే కదా, ఈ ముసలిది ఇంకా ఎలా బతికుందో అనుకుంటూండగానే నా వేళ్ళు ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు మీద వాయించడం మొదలుపెట్టాయి. పక్కనున్నావిడ కాసేపు ఓర్చుకుని, "ఏవండీ, చేతులకేమైనా జబ్బాండీ?" అని చాలా మర్యాదగా అడిగింది. "అవునండీ, చిన్నప్పట్నుంచీ ఉంది" అన్నాను. ఆవిడ కొంచెం జరిగి కూర్చుంది.

ఆ జబ్బు నాకు అంటించింది మా మేనత్త. మాది కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. మా చర్చిలో డోలక్ ఆవిడది. ఆవిడదంటే కొనుక్కున్నదని కాదు, ఇంకెవరికీ దాన్ని ముట్టుకునే ధైర్యం లేదని. వానాకాలం వచ్చిందంటే కొల్లేటి చెమ్మకి డోలక్ చర్మం మెత్తబడి, కొడితే తడిబట్ట మీద కొట్టినట్టుండేది. అందుకని ఆదివారం పొద్దున్నే అత్త దాన్ని మా వంటింట్లోకి తెచ్చి, పొయ్యికెదురుగా పీట వేసి చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టేది. మా అట్లు ఆలస్యమైనా ఫరవాలేదు గానీ దానికి మాత్రం సెగ తగ్గకూడదు. అలా కాగిన డోలక్‌ని చంకనేసుకుని, రెండో చేత్తో నన్ను పట్టుకుని చర్చికి నడిచేది. కుడివైపు పనంతా తను చేసుకుంటూ ఎడమవైపు 'ధుం' మాత్రం నన్ను కొట్టనిచ్చేది. ఆ 'ధుం' నా చిట్టి అరచేతి కింద పుట్టి, చర్చి రేకుల కప్పు దాకా వెళ్ళి, తిరిగి నా నెత్తి మీదికి దిగేది. అంత పెద్ద చప్పుడు నాలోంచే వచ్చిందంటే నమ్మలేక చేతిని తిప్పి తిప్పి చూసుకునేదాన్ని.

మా చర్చిలో పాటకో పద్ధతి ఉండేది. మొదటి చరణం ఎడ్లబండి మీద బయలుదేరేది. రెండోది బస్సెక్కేది. ఆఖరి చరణానికి వచ్చేసరికి ఎక్స్‌ప్రెస్ బండే. ఎంత వేగంగా ముగిస్తే అంత భక్తి అని మావాళ్ళ నమ్మకం. నేను హైస్కూలుకొచ్చాక అత్త డోలక్ నాకప్పగించి, తను ముందువరసలో నిలబడి చప్పట్లు అందుకుంది. ఆవిడ చప్పట్లు పరిగెడితే ఆడవాళ్ళంతా పరిగెత్తేవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు, ఆ వెనక ఆయాసపడుతూ పాస్టరుగారు. "జనం ఎటు పోతే నువ్వటు పోవాలమ్మాయ్, డోలక్కి సొంత బుద్ధి పనికిరాదు" అని చెప్పేది. నేనూ బుద్ధిగా పరిగెత్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో డిగ్రీకి ఏలూరు వచ్చాను. అక్కడ ఒక యూత్ మీటింగులో మొదటిసారి డ్రమ్స్ సెట్టు చూశాను. చూడటం కాదు, అది నన్ను పట్టుకుంది. కాలితో తొక్కితే మోగే ఆ పెద్ద డ్రమ్ము చప్పుడు చెవుల్లోకి రాలేదు, నేరుగా గుండెల్లోకి దిగింది. నా ఊపిరి దానిష్టం వచ్చినట్టు ఆడింది. మీటింగులో ఏం చెప్పారని హాస్టలు పిల్లలు అడిగితే ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

ఆ మీటింగులో వాయించిన బ్యాండుని నడిపేది ఒక కీబోర్డు మాస్టారు. వాళ్ళ డ్రమ్మరు ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్ళిపోతున్నాడని తెలిసి, సిగ్గు గిగ్గు పక్కనపెట్టి వెళ్ళి అడిగేశాను. ఇంటి దగ్గర నాన్న, "ఆడపిల్ల స్టేజీ మీద డ్రమ్ములు కొట్టడం ఏంటే?" అంటే అత్త ఒంటికాలి మీద లేచింది. "దేవుడు చేతులిచ్చేటప్పుడు మగపిల్లలకి వేరే, ఆడపిల్లలకి వేరే ఇచ్చాడేంట్రా తమ్ముడూ?" అని నిలదీసింది. నాన్న అక్క మాటకి ఎదురుచెప్పే మనిషి కాదు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మా ఇంట్లో అనుమతి అంటే అదే.

మాస్టారు కొన్నాళ్ళు నా వాయింపు విని, పాపం, చాలా నెమ్మదిగా చెప్పారు. "మీ చేతిలో మంచి వాటం ఉందండీ. కానీ పాటని తరుముతున్నారు. గాయకులు కొంచెం కంగారుపడితే మీరు వాళ్ళకంటే ముందు పరిగెడుతున్నారు. క్రిస్మస్ ముందు గూడెం టౌన్లో ప్రోగ్రాం ఉంది. అందులో నిలబడ్డారా, మీరే మా డ్రమ్మరు. లేదంటే ఈ కీబోర్డులోనే రిథమ్ బటన్ ఉంది, నొక్కుకుని నడిపించేసుకుంటాం. ఏమీ అనుకోకండేం."

బటను! నేనొకవైపు, వేలెడంత లేని బటను ఒకవైపు! ఏడుపొచ్చింది. ఆ వారమంతా అన్నం సహించలేదు.

సెలవులకి ఊరెళ్తే బాబాయి చెరువుకి నీళ్ళు తోడుతున్నాడు. ఆయిలింజను గట్టు మీద కూర్చుని డుబ్ డుబ్ డుబ్‌మంటూ తన పాటికి తను మోగుతోంది. చేపలకేసే తవుడు బస్తా ఒకటి లాక్కుని, దాని ముందు కూర్చుని, కర్రలతో ఇంజను చప్పుడుకి సరిగ్గా కొట్టబోయాను. అబ్బే! చిటికెలో నేను ముందుకెళ్ళిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ వెళ్ళిపోయాను. పుట్టి బుద్ధెరిగాక నాతోపాటు పరిగెత్తనిది నాకు అదొక్కటే తగిలింది. కోపం పట్టలేక దాన్ని తిట్టేశాను కూడా. బాబాయి విని, "ఏమ్మా, ఇంజనుతో పోట్లాటేంటి? దాంట్లో డీజిలున్నంతసేపూ నీకు గెలుపు లేదు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ మాట నిజమే. రోజూ పొద్దున్నే వెళ్ళేదాన్ని. జుట్టు నిండా తవుడు, ముక్కు నిండా డీజిలు కంపు. పక్కన కొల్లేట్లో గూడబాతులు నన్ను పట్టించుకోకుండా ఈదుకుంటూ పోయేవి. ఇంక నావల్ల కాదనుకున్న ఒక పొద్దున హఠాత్తుగా ఇంజను ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదు. దాని దెబ్బా నా దెబ్బా ఒక్కటైపోయి విడివిడిగా వినిపించడం మానేశాయి. ఒళ్ళంతా జలదరించింది. కర్రలు ఆడుతున్నాయి, నేను మాత్రం ఎక్కడో ఊరికే కూర్చుని వింటున్నాను. అంత ప్రశాంతత నాకు ప్రార్థనలో కూడా దొరకలేదు, తప్పయితే దేవుడు క్షమించాలి.

గూడెంలో ప్రోగ్రాం సాయంత్రం. గ్రౌండు నిండా కాగితం నక్షత్రాలు, ట్యూబులైట్లు, ఎటు చూసినా తలకాయలే. భీమడోలులో రైలెక్కి అత్త కూడా వచ్చింది. పట్టుచీర కట్టుకుని, ఎవర్నో బతిమాలి ముందువరసలో కుర్చీ సంపాదించింది. మొదటి రెండు పాటలూ క్షేమంగా గట్టెక్కాయి. మూడోది అందరికీ నోటికొచ్చిన కీర్తన. జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు మొదలయ్యాయి. ఇంకేముంది, రెండో చరణానికే చప్పట్లు బస్సెక్కేశాయి. అందరికంటే ముందు ఎవరి చేతులున్నాయో చెప్పాలా? మా అత్తవి!

పాడే అమ్మాయి జనంతో పోబోయింది. మాస్టారు తలతిప్పి నా వైపు చూశారు. ఆయన వేలు ఆ బటను మీదికి వెళ్తోంది. నా చేతులు అత్తతో వెళ్ళిపోదామని లాగుతున్నాయి, వాటికి చిన్నప్పట్నుంచీ తెలిసింది అదొక్కటే. కుడికాలు గట్టిగా దించాను. ధుం. ఎవరు ఎటు పోయినా సరే, మళ్ళీ అక్కడే ధుం. పాటలో ఒక లైనంతా జనం ఒకవైపు, నేను ఒకవైపు. పాట నడిమికి చిరిగిపోతుందేమోననిపించింది.

అప్పుడు అత్త తలెత్తి నన్ను చూసింది. చప్పట్టు కొట్టబోయిన చేతులు అలాగే గాల్లో ఆగాయి. ఒక్క దెబ్బ వదిలేసింది. నా కాలు దిగేదాకా ఆగి, సరిగ్గా దాని మీద చేతులు కలిపింది. ఆవిడ పక్కనున్నవాళ్ళు ఆవిడని చూసి తగ్గారు, వాళ్ళని చూసి వెనకవాళ్ళు. గాలికి వరిచేను వంగినట్టు ఆ తగ్గడం గ్రౌండు చివరిదాకా వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. అంతమంది మనుషులు, ఒక్క చప్పట్టు! నేలలోంచి స్టూలుకి, స్టూల్లోంచి నా వెన్నులోకి వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగి ఎదురుగా ఏమీ కనిపించలేదు. మాస్టారి రెండు చేతులూ మళ్ళీ కీబోర్డు మెట్ల మీద ఆడుతున్నాయని వింటేనే తెలిసింది. స్టేజీ దిగాక ఆయన అన్నది ఒకటే, "శనివారం ప్రాక్టీసండీ, ఆలస్యం చేయకండి." ఆ శనివారం నుంచి చాలా ఏళ్ళు ఆ బ్యాండుతో ఊరూరా తిరిగి వాయించాను. ఆ సాయంత్రం లాంటిది మాత్రం మళ్ళీ రాలేదు.

తిరుగు రైల్లో అత్త కిటికీలోంచి బయట చీకట్లోకి చూస్తూ కూర్చుంది. కోపమొచ్చిందేమోనని నేను బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. చివరికి తన అరచేతులు రెండూ విప్పి వాటిని చూసుకుంటూ, "ఇవి ఎప్పుడూ ఎవరి మాటా వినలేదే అమ్మాయ్, ఇవాళ నీ మాట విన్నాయి" అని, నా భుజం మీద తల ఆన్చి నిద్రపోయింది. అప్పటిదాకా ఆవిడ భుజం మీద నిద్రపోయింది నేనే. పెద్దవాళ్ళ వెనక నడిచే కాలం ఏళ్ళ తరబడి సాగుతుంది గానీ, వాళ్ళు పక్కకి తప్పుకుని మనల్ని ముందుకు పంపే కాలం ఒక చప్పట్టుకీ మరో చప్పట్టుకీ మధ్యే అయిపోతుంది.