తువ్వాల కింద విమానం

బైబిల్లో నోవహు జలప్రళయం తీసినాక తన ఓడను అమ్మకానికి పెట్టి ఉంటే, మా తాత కాలేబు దాన్ని లోపలి పేడతో సహా సగం ధరకు ఇప్పించేవాడు. పైగా కొన్నవాడి దగ్గర ఒక టీ, నోవహు దగ్గర ఒక టీ తాగి ఇంటికొచ్చేవాడు. నారాయణఖేడ్ పశువుల సంతలో ఈ మాట కాదనేవాళ్లు లేరు. కాదనేది ఒక్క మా నాయనమ్మ రిబ్కమ్మే. ఆమె లెక్కలో ఈ మనిషికి వంకాయలు కూడా సరైన ధరకు తేవడం రాదు.

తాత పని పశువుల దలాలీ. ఆయన బేరం నోటితో జరగదు. చేతుల మీద తువ్వాల కప్పి, కొనేవాడి వేళ్లు ఒకసారి, అమ్మేవాడి వేళ్లు ఒకసారి పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు నొక్కితే అంత ధర. చుట్టూ జాతరంత జనం ఉన్నా, ఎవరు ఎంతన్నారో తాతకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చివరికి చెయ్యి గట్టిగా ఒకసారి ఊపితే మాట ఖాయం. ఆ తరువాత సొమ్మంతా దలాలి చేతి మీదుగానే నడుస్తుంది. ఇద్దరి మాటల మధ్య తేడా మిగిలితే అది దలాలిదే, ఎవరూ అడగరు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. అమ్మేవాళ్లు తమ పశువులో ఉన్న ఐబు, అంటే లోపం, తమ నోటితోనే చెప్పాలి. పొడుస్తుందో, తంతుందో, ఒక కన్ను కనిపించదో చెప్పకపోతే ఆ బేరం చెల్లదు.

ట్రాక్టర్లు వచ్చి ఎడ్ల సంత పలచబడింది. తాత ఉత్త తువ్వాలతో పోయి ఉత్త తువ్వాలతోనే తిరిగి వస్తున్న రోజుల్లో, పెద్ద రోడ్డు మీద దాబా నడిపే వీరేశ్ ఇంటికొచ్చాడు.

"తాతా, నాకొక విమానం ఇప్పియ్యాలె."

తాత చుట్ట నోట్లోంచి తీయకుండానే, పశువు వయసు అడిగినట్టే అడిగాడు. "ఎన్ని పండ్లేసింది?"

వీరేశ్ నవ్వలేదు. దాబా ముందర నిజమైన విమానం నిలబెడితే, జనం బస్సులాపుకొని మరీ ఫొటోలు దిగి, దిగినవాళ్లంతా బిర్యానీ తింటారని అతని ఆలోచన. నాగల్‌గిద్దలో వినోద అనే ఆమె దగ్గర పాత విమానం ఉంది. ఆమె భర్త సంగమేశ్, విమానాలు నడపడం నేర్పే బడి ఒకటి మూతపడి వేలం వేస్తే ఇంజను లేని ఆ విమానాన్ని కొన్నాడు. జాతర జాతరకూ లాక్కుపోయి, పిల్లలను కూర్చోబెట్టి ఫొటోలు తీసి బతికాడు. ఇప్పుడు ఆయన లేడు.

"పాత సామాన్లోడు తూకానికి అడిగిండంట. నువ్వు చెప్పు, దీని సరి ధర ఎంతుంటది?"

"ఎద్దును మాంసం లెక్కన అడిగెటోడు సంతల నిలవడడు," అన్నాడు తాత. "పా, సూద్దాం."

నాగల్‌గిద్దలో, కంది కట్టెల మోపు పక్కన విమానం నిలబడి ఉంది. రెండు సీట్లది. రెక్కలు ఊడదీసి గోడకు ఆనించారు. సీటులో కోడి పొదుగుతోంది. తాత దాని చుట్టూ తిరిగాడు. వీపు చరిచాడు. వంగి పొట్ట కింద చూశాడు. తోక పట్టి గుంజాడు. అది తన్నదని నిశ్చయమయ్యాక ముందుకొచ్చి ముక్కుకు బిగించిన ఫంకా నిమిరాడు.

వినోద కొంగు బిగించుకొని బయటికొచ్చింది.

"మొగోళ్లు ఎవలన్న ఉన్నరా బిడ్డా, చెయ్యి పట్టనీకె?"

"ఉంటే నేనెందుకు నిలబడ్త తాతా? విమానం నాది, చెయ్యి నాదే."

తాతకు చెమట పట్టింది. ఇన్నేళ్ల దలాలీలో ఆడమనిషి చెయ్యి తువ్వాల కింద పట్టింది లేదు.

"అమ్మి ఏం జేస్తవ్?" అని అడిగాడు, సిగ్గు దాచుకోవడానికి.

"గిర్ని పెడ్త. జొన్నలు పట్టియ్యాలంటే ఊరు ఊరంత నెత్తిన మోసుకొని పక్కూరికి పోతున్నరు. గిర్ని ఉంటే నా పిల్లలతోని ఈడనే బతుకుత. లేకుంటే పట్నం పోయి ఇటుకలు మొయ్యాలె."

లెక్క ముందే నోటితో తేల్చుకున్నారు. ఒక్కో వేలు లక్ష, సగం మడిచిన వేలు యాభై వేలు. తాత ముందుగా వీరేశ్ చెయ్యి పట్టాడు. మూడున్నర వేళ్లు వచ్చాయి. మనసు పడ్డాడన్నమాట. తరువాత తువ్వాలను వినోద చేతి మీద కప్పాడు. రెండున్నర వేళ్లు తగిలాయి.

అమ్మేవాళ్లు అడిగేది కొనేవాడు ఇచ్చేదానికన్నా తక్కువ. ఎప్పుడో గాని తగలని బేరం. అక్కడే చెయ్యి ఊపితే సరిపోయేది. కాని తాత బొటనవేలు జరిగి, ఆమె సగం వేలును పూర్తిగా మడిచేసింది. రెండు.

వినోద కళ్లు మూసుకుంది. "ఆయ్తు," అంది, సరేనని. చెయ్యి ఊపింది. ఆ తరువాత తనలో తానే అనుకుంది. "మోటరు తర్వాత సూసుకుంట."

ఆ మాట తాత చెవిన పడింది.

మోటారు లేని గిర్ని అంటే బావి లేని మోట. ఆయన తువ్వాల తీయకుండా అట్లాగే నిలబడ్డాడు. తేడా లక్షన్నర. కట్టుబాటు ప్రకారం తనది. వానకు కారే ఇంటి రేకులు మార్చుకోవచ్చు. రిబ్కమ్మ మోకాళ్లకు మంచి దవాఖాన చూడొచ్చు. చెయ్యి ఊపినాక మాట వెనక్కి తీసుకోవడం ఈ సంతలో లేదు. తీసుకున్నవాడి తువ్వాల కింద మళ్లీ ఎవడూ చెయ్యి పెట్టడు.

"ఏమాయె తాతా?" అన్నాడు వీరేశ్. "కుదిరినట్టేనా?"

"కుదరలే," అన్నాడు తాత. "బేరం చెల్లదు. ఐబు చెప్పలే."

వినోద తెల్లబోయింది. "దీనికేం ఐబుంటది తాతా?"

"గది నన్నడిగితే ఎట్ల? అమ్మెటోళ్లే చెప్పాలె. చెప్పు."

ఆమె విమానాన్ని ఒకసారి, పొదుగుతున్న కోడిని ఒకసారి చూసింది. "ఎగురది," అంది.

గోడ మీద కూర్చున్న పిల్లలు ఘొల్లుమన్నారు. వీరేశ్‌కు కోపమొచ్చింది. "గది నాకెరికే కదనయ్యా! ఇంజనే లేనిది ఎట్ల ఎగురుతది? నేనేమన్న దాంట్ల కూసోని బొంబాయి పోతనా?"

"నీకెరికుంటే ఏంది? ఆమె నోట రావాలె. ఇప్పుడొచ్చింది. ముందు పట్టిన చెయ్యి పాయె. ఇగ పట్టిందే చెయ్యి."

"పరేషాన్ చేస్తున్నవ్ తాతా."

"జల్దీ ఉంటే పోయి బొమ్మ విమానం కొనుక్కో."

మళ్లీ తువ్వాల పడింది. ఒకసారి ఒప్పుకున్న మొహమాటానికి వినోద రెండు వేళ్లే పెట్టింది. తాత ఆమె మూడో వేలు వెతికి, సాపు చేసి, పట్టుకున్నాడు. ఆమె అర్థం కాక మడవబోయింది. తాత మడవనివ్వలేదు.

"మోటరు మీద కప్పు గూడ కావాలె బిడ్డా," అన్నాడు మెల్లగా. "వాన పడితే పిండి ఖరాబైతది."

వినోద మూడో వేలు అట్లాగే ఉంచి చెయ్యి ఊపింది.

తాత తువ్వాల లాగేసి, దలాలి ఎన్నడూ చేయని పని చేశాడు. తేడా తనకు మిగలకుండా, అందరి ముందర ధర పైకి చెప్పాడు. "మూడు."

తాను ఇస్తానన్నదానికన్నా అర లక్ష తగ్గిందని వీరేశ్ ముఖం వెలిగిపోయింది. తాత అతని జబ్బ గిల్లాడు. "ముఖం జర ముడుసుకో. అమ్మెటోళ్ల ముందల పండ్లు చూపియ్యొద్దు. ఇద్దరికి జరంత మండాలె, జరంత సల్లగుండాలె. గదే సరి ధర."

ఇద్దరూ చెరికొంత దలాలీ ఇచ్చారు. ఇద్దరి దగ్గరా టీ మాత్రం తాగాడు. అది నేను ముందే చెప్పాను.

తాతకన్నా ముందే కబురు ఇల్లు చేరింది. నాయనమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"ఏమయ్యో, పరాయి ఆడిదాని చెయ్యి రెండుసార్లు పట్టినవంట."

"మొదటిసారి సరిగ పట్టలేనే."

"నా చెయ్యి గీ నలభై ఏండ్లల్ల ఒక్కపారి సరిగ పట్టినవా? రా, తిందువు రా."

అన్నం ముందు కూర్చున్నాక జరిగినదంతా తాతే పూస గుచ్చినట్టు చెప్పాడు. అంతా బాగుంది గాని ఒకటి నా గొంతులో ముల్లులా ఆగింది. మూడున్నర ఇచ్చేవాడు పక్కనే ఉండగా రెండున్నర అడిగిన మనిషి వేలు మడవడమెందుకు?

"తాతా, గా సగం వేలు ఎట్ల మడిచినవ్?" అని అడిగాను. "చేతి అలవాటా, ఆశనా?"

నాయనమ్మ వంటింట్లోకి పోయేదాకా తాత ఆగాడు.

"ఆశనే," అన్నాడు. "అలవాటని మీ నాయనమ్మకు చెప్పిన."