కత్తెర పడని పురికొస

మొన్న మా మనవరాలి స్కూల్లో లెక్కల ప్రదర్శనకి వెళ్ళి ఒళ్ళు మండిపోయి తిరిగి వచ్చాను. తనకి ఫస్ట్ ప్రైజు ఇచ్చారు. నా మంట కూడా ఆ ప్రైజు మీదే.

నాకు లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒంగోలు వైపు ఒక పల్లెటూరి హైస్కూల్లో వేశారు. బడి పక్కనే కల్లం, అందులో మిరపకాయలు ఆరబోసిన రోజున ఆ ఘాటుకి క్లాసు క్లాసంతా దగ్గుతుంటే నేనూ దగ్గుతూనే పాఠం చెప్పేదాన్ని. వృత్త వైశాల్యం పై ఆర్ స్క్వేర్ అని బోర్డు మీద రాస్తే పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు, మర్నాడు బుద్ధిగా అప్పజెప్పారు, ఎందుకలా అని అడిగితే మాత్రం అందరూ తలలు దించుకున్నారు. ఆ మర్నాడు మిరప బస్తాలు కుట్టే పురికొస ఉండ ఒకటి పట్టుకెళ్ళి, నేల మీద మధ్య నుంచి మొదలుపెట్టి చుట్టు మీద చుట్టు ఒత్తుగా పేర్పించి, పళ్ళెమంత అయ్యాక బ్లేడుతో అంచు నుంచి మధ్యదాకా ఒకే గీతలో కోయించాను. కోసిన ముక్కల్ని సాపు చేసి, పొడుగువి కిందా పొట్టివి పైనా పేరుస్తూ పోతే, గుండ్రంగా ఉన్నది కాస్తా త్రిభుజమై కూర్చుంది. దాని అడుగు వృత్తపు చుట్టుకొలత, ఎత్తు వ్యాసార్ధం. త్రిభుజం లెక్క వాళ్ళకి అప్పటికే వచ్చు కాబట్టి మిగతాది వాళ్ళే కట్టేసి, నా చేతిలో సుద్దముక్క లాక్కుని బోర్డు మీద రాసేశారు. ఆ గోలకి మా హెడ్మాస్టరుగారు, "ఏమ్మా, ఇది బడా, సంతా?" అంటూ వచ్చి, కాసేపు చూసి, పంచె ఎగ్గట్టుకుని నేల మీద కూలబడి, "ఏదీ, మళ్ళీ ఒకసారి కోయండ్రా" అన్నారు.

ఆ ముచ్చటే మనవరాలికీ దక్కాలని నా ఆశ. ఇద్దరం రెండు సాయంత్రాలు కూర్చుని అట్ట మీద పురికొస చుట్టాం. కోస్తే ఏమవుతుందో నేను నోరు విప్పలేదు, అది అందరి ముందూ తన చేతుల్లోనే జరగాలని. తీరా వెళ్ళి చూస్తే, వాళ్ళ టీచరమ్మ దాన్ని జిగురుతో బిగించి, పైన ప్లాస్టిక్ కాగితం తొడిగించి, బల్ల మీద నిలబెట్టింది. పైన "చేసి నేర్చుకుందాం" అని రంగుల అక్షరాలు, కింద "తాకరాదు" అని చీటీ! కోస్తే త్రిభుజం వస్తుందని ఇంగ్లీషులో రాసిచ్చిన నాలుగు ముక్కలు మా పిల్ల వచ్చినవాళ్ళందరికీ ఊపిరి తిప్పుకోకుండా వల్లిస్తోంది. కత్తెర గౌను జేబులోనే ఉంది.

కోయవేమే అన్నాను.

"వద్దన్నారు అమ్మమ్మా. పాడైపోతే ఫోటోలో బాగుండదంట."

ఆ టీచరమ్మని కడిగేద్దామనే వెళ్ళాను. "నేనేం చెయ్యనండీ, సాయంత్రంలోగా ఫోటోలు పంపకపోతే పైనుంచి నన్నే అంటారు" అంది, నిండా పాతికేళ్ళు లేని ఆ టీచరు, కళ్ళలో నీళ్ళతో. ఇంక ఆవిణ్ణేం అనను? కానీ ఎవరినో ఒకరిని అనాలి కదండీ. ప్రయోగం జరగకుండా దానికి ఫోటో తీసి, ఆ ఫోటోకి కప్పు ఇచ్చి చప్పట్లు కొట్టించే ఈ తెలివి ఎవరిదో, వాళ్ళని మా పాత బడి నేల మీద ఒక్క పూట కూర్చోబెట్టాలని ఉంది నాకు.

ఇంటికొచ్చాక ప్లాస్టిక్ చించి కోయబోయాం. జిగురు రాయిలా బిగిసిపోయి కత్తెర దిగలేదు. మా రోజుల్లో బడికి కత్తెర కూడా ఉండేది కాదు, ఆ బ్లేడు మా ఇంట్లోంచి తెచ్చినదే. ఇప్పుడు ఏ వస్తువుకీ లోటు లేదు, పిల్ల చేతిని మాత్రం కదలనివ్వరు. పొద్దుటినుంచీ వచ్చినవాళ్ళందరికీ ఆ ఇంగ్లీషు ముక్కలు తడుముకోకుండా చెప్పిన నా మనవరాలు, పడుకోబోతూ కప్పు పక్కన పెట్టి, మెల్లిగా నన్ను అడిగింది:

"అమ్మమ్మా, నిజంగానే త్రిభుజం వస్తుందా?"