వస్తాందిలే

నేను డిగ్రీ పాసయ్యాను. మా చెంచుగూడెంలో నేనే మొదటిదాన్ని. ఈ సంగతి ముందుగా మా టీచరమ్మకే చెప్పాలనుకున్నాను.

బడి మానేసిన పిల్లల కోసం ఆళ్లగడ్డలో నడిచిన హైస్కూల్లో ఆమె హాజరు పిలిచేది. నేను పలక్కపోతే "వస్తాందిలే" అని తనే బదులిచ్చి, సాయంత్రం అహోబిలం జీపెక్కి మా గూడేనికి వచ్చేది.

కొండ అంచున తాడుకు వేలాడి తేనె తీసే కాలంలో నాయన నన్ను పంపనని ఆమెతో అన్నాడు. "పాప లేకుంటే కొండకాడ నా తాడెవరు పట్టుకుంటారమ్మా?"

"తాడు పట్టేది నీ బామ్మర్ది గదప్పా. అక్క తాళి కోసమన్నా వదలడు. పాప బడికి రాకుంటే స్కాలర్‌షిప్ నిలిచిపోతాది."

నాయన నవ్వి నన్ను జీపెక్కించాడు.

నిన్న మార్కుల కాగితంతో నంద్యాల పోయాను. చర్చి వెనక ఆమె సమాధి దగ్గర నిలబడి, ఎవరూ పిలవకుండానే పలికాను.

"వచ్చినా టీచరమ్మా."